ఆమెన్ అన్నది నేనే

ఎలాంటి తాళాన్నయినా పది నిమిషాల్లో తీసేస్తారు మా మామయ్య. ముప్ఫయ్యేళ్ళుగా ఆయన పనే అది. ఆ మంగళవారం పొద్దున మాత్రం, అత్తయ్య లోపల్నుంచి గడియ పెట్టుకున్న గది ముందు చేతులు కట్టుకుని నిలబడిపోయారు.

మా ఆయన రెండోసారి అడిగారు, తలుపు ఎలాగైనా తెరవమని.

"తాళమైతే తీసేవాణ్ణిరా," అన్నారు మామయ్య. "ఇది తాళం కాదు."

భోజనాల బల్ల మీద రెండు వస్తువులు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి అత్తయ్య కొలతల పుస్తకం, ముందురోజు పేజీ తెరిచి. రెండోది అరచేతిలో సగం కూడా లేని కాగితం ముక్క. దాని మీద ఉప్పుడబ్బా. అంత కోపంలోనూ కాగితం ఎగిరిపోకుండా చూసుకుంది అత్తయ్య.

ఆ కాగితం నేను చదవక్కర్లేదు. రాసింది నేనే.

"యాభయ్యెనిమిదేళ్ళ ఒక తల్లికి కడుపులో కేన్సర్. ఇంట్లో అందరికీ తెలుసు. ఆమెకు చెప్పలేదు. ఆమె కోసం ప్రార్థించండి." కింద పేరు లేదు.

పక్కనున్న కొలతల పుస్తకంలో అక్షరాలూ నావే.

నాకు పెళ్ళయి అప్పటికి నలభై ఏడు రోజులు. ఆ ఇంట్లో ప్రతిదీ నాకు పండగలాగే ఉండేది. గుమ్మం పక్కన ఆయన చెప్పులూ నా చెప్పులూ ఒకే వైపు తిరిగి ఉంటే చాలు, ఆగి ఓసారి చూసుకుని లోపలికి వెళ్ళేదాన్ని. ఇంకా ఇష్టం అత్తయ్య కుట్టుగది. రెండు మిషన్లు, గాజు సీసాల నిండా బొత్తాలు, పొద్దుటి ఎండ ఆ సీసాల మీద పడితే నేల మీద రంగురంగుల మచ్చలు. వాటి మధ్య కూర్చుని నేను ఆపకుండా ఏదో ఒకటి మాట్లాడుతుంటే, మొదటి వారంలోనే అత్తయ్య నాకు పిచ్చుక అని పేరు పెట్టేసింది.

ఇరవయ్యో రోజున నేను డాబా మీద బట్టలు ఆరేస్తుంటే మా ఆయన పైకి వచ్చి చెప్పారు.

ఆయన ల్యాబులో పనిచేస్తారు. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను మైనంలో పొదిగి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజుపలక మీద రంగు వేసి, డాక్టరు చూడ్డానికి సిద్ధం చేస్తారు. పలకల మీద పేర్లుండవు, నంబర్లే. ఆ రోజు చేతిలోకి వచ్చిన నంబరు ఆయనకు తెలిసిన నంబరు, వాళ్ళమ్మది. అత్తయ్యకు మాత్రం కడుపులో పుండు అని చెప్పారు. మామయ్యకు నిజం చెప్పారు. తర్వాత నాకు. అమ్మకు చెప్పనని మాటివ్వమన్నారు. తడిబట్ట చేతిలో పట్టుకుని మాటిచ్చాను.

నా కడుపులో మాట దాగదు. మనుషులకు చెప్పనని కదా మాటిచ్చింది, దేవుడికి చెప్పుకోవచ్చు అనుకున్నాను. చర్చి గుమ్మం దగ్గర ప్రార్థన విన్నపాల పెట్టె ఉంది. ఆదివారం అందరూ లోపలికి వెళ్ళాక చీటీ అందులో వేశాను. పాస్టరు గారు చదివి, ప్రార్థించి, చించేస్తారనుకున్నాను.

ఆ పెట్టెకి తాళం వేసింది మామయ్యేనని, దాని తాళంచెవి పదేళ్ళుగా అత్తయ్య దగ్గరే ఉందని ఆ ఇంట్లో గోడలకు కూడా తెలుసు. కొత్తకోడలికి తెలీదు.

కుట్టుగదిలో మిషను ఎదుటి గోడకి బారెడు తెల్లగుడ్డ వేలాడుతూ ఉంటుంది. అత్తయ్య ప్రతి ఆదివారం పెట్టెలోని చీటీలు ఇంటికి తెచ్చి ఆ గుడ్డకి గుండుసూదులతో గుచ్చుతుంది. పొద్దున్నే మిషను తొక్కే ముందు ఒక్కో సూది తలమీద వేలు పెట్టి, ఆ మనిషి కోసం ప్రార్థిస్తుంది. విన్నపం నెరవేరిందని తెలిసిన రోజున ఆ సూది తీసి డబ్బాలో వేస్తుంది. నేను అవన్నీ కొలతల చీటీలనుకున్నాను.

మర్నాడు సోమవారం, నన్ను చెయ్యి పట్టుకుని ఆ గుడ్డ ముందు కూర్చోబెట్టింది.

"పిచ్చుకా, ఈ వారం ఒకావిడ వచ్చింది. నా వయసే పాపం. ఇంట్లో వాళ్ళు చెప్పలేదట. ఇద్దరం కలిసి అడుగుదాం, దేవుడు త్వరగా వింటాడు."

ఆవిడ ప్రార్థించింది. నేను ఆమెన్ అన్నాను. మర్నాడు కూడా. అలా మూడు వారాలు.

ఎందుకు చెప్పలేదని ఎవరైనా అడిగితే, రోజుకో కారణం. మొదటిరోజు భయం. రెండోరోజు, నిన్న చెప్పలేదు కదా ఇవాళ ఎలా చెప్పను అని. ఆ తర్వాత సిగ్గు.

ఆ మంగళవారానికి ముందురోజు మధ్యాహ్నం అత్తయ్య నొప్పితో పడుకుంది. ఎవరో గౌను కుట్టించుకోడానికి వచ్చారు. నేనే టేపు మెడలో వేసుకుని కొలతలు తీశాను. తొమ్మిది కొలతలు, ఒక్కటీ తప్పు పోకుండా పుస్తకంలో ఎక్కించి, నా పనితనానికి నేనే మురిసిపోయాను. సాయంత్రం అత్తయ్య గుడ్డ పరిచి, సుద్ద పట్టుకుని, పుస్తకం తెరిచింది. సుద్ద గుడ్డకి ఆనలేదు. పుస్తకం వంక చూసింది. గోడ వంక చూసింది. నేనప్పుడు చూస్తూనే ఉన్నాను, తెల్లకాగితం మీద నా చేతిరాత బాగుందంటుందేమోనని.

మంగళవారం పదకొండింటికి అత్తయ్య గడియ తీసింది. మా కోసం కాదు. స్కూలు యూనిఫాముల కోసం ఒకామె వచ్చింది. ఆమెతో నవ్వుతూ మాట్లాడింది, వేలాడుతున్న దారం పళ్ళతో కొరికి, మడతపెట్టి చేతికిచ్చింది. ఆమె గేటు దాటేదాకా ఆ నవ్వు అలాగే ఉంది.

తర్వాత బొత్తాల సీసా ఒకటి తీసుకుని బల్ల మీద బోర్లించి, నాలుగు కన్నాలవీ రెండు కన్నాలవీ వేరుచేయడం మొదలుపెట్టింది.

"ఎవరెవరికి తెలుసు?"

మా ఆయన చెప్పారు. మామయ్యకి. తనకి. నాకు. డాక్టరు గారికి.

"ఇంకా?"

పాస్టరు గారికి. దాచడం తప్పో కాదో తెలీక ఆయన్ని అడిగానన్నారు. త్వరగా చెప్పమనే అన్నారట. ఆయనా ఆ మాట మళ్ళీ ఎత్తలేదట.

"నా కడుపులో ఏముందో నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట."

మా ఆయన చాలా చెప్పారు. తెలిస్తే తట్టుకోలేవని భయపడ్డానన్నారు. మందు మొదలయ్యాక, కాస్త గుణం కనపడ్డాక చెబుదామనుకున్నానన్నారు. గురువారం ఆసుపత్రిలో ఎక్కించేది పుండు మానే సెలైన్ కాదని, కేన్సర్ మందని కూడా అప్పుడే ఒప్పుకున్నారు. అత్తయ్య బొత్తాలు ఏరుతూ విన్నది.

"నువ్వు చూశావా దాన్ని? నీ కళ్ళతో?"

"చూశానమ్మా."

"ఆ రోజు ఇంటికొచ్చి నా పక్కన కూర్చుని భోంచేశావు. కూర బాగుందని మళ్ళీ వేయించుకున్నావు. నాకు గుర్తుంది."

ఆయన ఏడ్చారు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం చూడ్డం నాకదే మొదలు. అత్తయ్య ఓదార్చలేదు. మామయ్య వైపు తిరిగింది.

"మీకు పన్ను సలిపితే నన్ను నిద్రలేపి మరీ చెబుతారు. చెప్పు కరిచిందని చెబుతారు. ముప్ఫై నాలుగేళ్ళలో నాకు చెప్పకుండా మీరు దాచింది ఇదొక్కటేనా, ఇంకేమైనా ఉన్నాయా?"

ఇదొక్కటేనన్నారు మామయ్య. చెబుదామని మూడుసార్లు గదిలోకి వచ్చి, నీళ్ళు కావాలని అడిగి వెళ్ళిపోయానన్నారు. అత్తయ్య తల ఊపింది. ఈమధ్య ఆయన నీళ్ళు ఎక్కువ తాగుతున్నారని, షుగరేమోనని భయపడి, ఆయన కోసం కూడా ఒక సూది గుచ్చిందట. అది విని నవ్వాలో ఏడవాలో మాకెవరికీ తెలీలేదు.

"గురువారం వెళ్తాను," అంది అత్తయ్య. "మందు ఎక్కించుకుంటాను. ఒక్కదాన్నే. మీరెవరూ నా పక్కన కూర్చోడానికి వీల్లేదు."

అయిదు గంటలు పడుతుందని, మధ్యలో వాంతులవుతాయని, మనిషి తోడుండాలని డాక్టరు చెప్పిన సంగతి మా ఆయన గుర్తుచేశారు. గోడకి చెబుతున్నట్టే ఉంది.

నన్ను ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. నా ఎదుట్నుంచే నడిచింది, నేను తెచ్చిన టీ తాగింది, గ్లాసు నేను తీసే లోపే తనే కడుక్కుంది. సాయంత్రం ఆరేసిన బట్టలు మడతపెడుతుంటే ఒకసారి మాత్రం, నా వంక చూడకుండా అంది.

"వాళ్ళు నోరు మూసుకున్నారు. నువ్వు నోరు తెరిచి ఆమెన్ అన్నావు."

బుధవారం పొద్దున మిషను చప్పుడు మామూలు కన్నా ముందే వినిపించింది. గుడ్డ ముందు ప్రార్థన లేదు. ఒక్క సూదినీ తాకలేదు. పదేళ్ళలో ఎప్పుడూ ఇలా జరగలేదన్నారు మామయ్య. ఆయన తాళాల పెట్టె సర్దుకుని కూడా పనికి పోలేదు, వరండాలో ఒకే తాళాన్ని విప్పుతూ బిగిస్తూ కూర్చున్నారు.

మధ్యాహ్నం పాస్టరు గారు వచ్చారు. అత్తయ్య మర్యాదగా కుర్చీ వేసింది. నేను తలుపు వెనక ఉన్నాను. తెలిసీ చెప్పకపోవడం తన తప్పేనని ఆయన ఒప్పుకున్నారు, క్షమించమన్నారు. దేవుడు మనల్ని విడిచిపెట్టడనే మాట మొదలుపెట్టేసరికి అత్తయ్య కత్తెర కింద పెట్టింది.

"పాస్టరు గారూ, తనకేం రాబోతోందో ప్రభువుకి ముందే తెలుసు కదండీ. తెలిసే సిలువ దగ్గరికి నడిచి వెళ్ళాడు. నాకు ఆ మర్యాద కూడా లేకుండా చేశారు మీరంతా."

ఆయన కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నారు.

"నేను రోజూ ఆయన్ని అడిగాను. ఎవరో ఒకావిడ, ఎవరో ఒకావిడ అని మూడు వారాలు అడిగాను. ఆ ఒకావిడ నేనేనని ఆయనకు తెలుసు. ఆయనా చెప్పలేదు. ఈ ఇంట్లో వాళ్ళకీ ఆయనకీ తేడా ఏముంది?"

పాస్టరు గారు, ఆ ఒకావిడ కోసం ఏమడిగారమ్మా అన్నారు. అత్తయ్య చెప్పదేమో అనుకున్నాను. చెప్పింది. మొదటి వారం రోగం పోవాలని. రెండో వారం, ఇంట్లో ఎవరికో ఒకరికి నిజం చెప్పే ధైర్యం రావాలని. మూడో వారం, తెలిసిన రోజున ఆమె ఒంటరిగా ఉండకూడదని.

అవన్నీ మీ కోసం మీరే అడుక్కున్నవి, వాటిని వెనక్కి తీసుకోకండి అన్నారాయన. సిలువకు ముందు రాత్రి తోటలో శిష్యులు నిద్రపోయారని ప్రభువు నడవడం మానలేదు గానీ, వాళ్ళను లేపడం కూడా మానలేదని, మూడుసార్లు వచ్చి లేపాడని చెప్పారు. ఆయన గొంతు ప్రసంగంలో ఉన్నట్టు లేదు. ఆయనా నిద్రపోయినవాళ్ళలో ఒకరిగానే చెప్పారు.

అత్తయ్య కత్తెర మళ్ళీ తీసుకుంది. "నిద్రపోయినవాళ్ళని లేపొచ్చండి. వీళ్ళు నిద్ర నటించారు," అంది.

ఆ రోజంతా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ పూర్తి వాక్యం మాట్లాడలేదు. ఉప్పు, నీళ్ళు, తువ్వాలు, అంతే. మాటిచ్చి తప్పానని మా ఆయనకి నా మీద కోపమేమో అనుకున్నాను. రాత్రి పడుకునే ముందు అడిగాను. నువ్వు చీటీ వేయకపోతే ఇంకా మోస్తూనే ఉండేవాణ్ణన్నారు. అన్నాక, నేను అల్లుకున్న జడ వదులైతే తనే బిగించారు, చేతకాక రెండుసార్లు జార్చి. ఆ ఒక్క క్షణం నాకు సంతోషమేసింది. పక్కగదిలో అత్తయ్య దగ్గు వినపడగానే ఆ సంతోషానికి సిగ్గేసింది.

గురువారం తెల్లవారాక నేను లేచి వచ్చేసరికి అత్తయ్య గుడ్డ ముందు నిలబడి ఉంది. ఒక్కో సూది మీదా వేలు పెడుతోంది. కాలు విరిగిన డ్రైవరు, పరీక్ష రాస్తున్న అమ్మాయి, నీళ్ళు ఎక్కువ తాగే మామయ్య. నా చీటీ ఉండే చోటు ఖాళీ. అక్కడ ఆగకుండా వేలు పక్కకి జరిగింది.

నేను వెనక ఉన్నానని ఆవిడకి తెలుసు.

"నా సంగతిలో ఆయనకీ నాకూ మాటల్లేవు," అంది గోడ వైపే చూస్తూ. "వీళ్ళేం చేశారు పాపం."

తన సంచీ తనే సర్దుకుంది. దుప్పటి, నీళ్ళసీసా, చిన్న తువ్వాలు, సగం కుట్టిన జాకెట్టు మెడ. బస్సులో ముందు సీట్లో కూర్చుంది. మేం ముగ్గురం దొంగల్లా వెనక సీట్లలో. దిగేటప్పుడు మామయ్య చెయ్యి అందిస్తే, కడ్డీ పట్టుకుని దిగింది.

ఆసుపత్రి రెండో అంతస్తులో పొడుగాటి నడవా. గాజుతలుపు వెనక మందు ఎక్కించే గది. తలుపు బయట గోడకి ఆనించి ఒక చెక్కబల్ల. అత్తయ్య దాని మీద కూర్చుని, పక్కన ఎవరూ కూర్చోకుండా సంచీ పెట్టుకుంది. మేం కిటికీ దగ్గర నిలబడ్డాం. అయిదారు అడుగుల దూరం. ఆ దూరం నేను దాటగలనా లేదా అన్నదొక్కటే ఆ పొద్దున నా బుర్రలో ఉంది. లోపల ఆ సూది గుచ్చేటప్పుడు ఆవిడ పట్టుకోడానికి ఎవరి చెయ్యీ లేకపోతే, ఇక జన్మలో నేను ఆ కుట్టుగదిలో అడుగుపెట్టలేను.

అప్పుడే ఒకావిడ వచ్చింది. అత్తయ్య కన్నా కాస్త చిన్నది. వెంట ముప్ఫయ్యేళ్ళ కొడుకు, ఫైలు ఛాతీకి అదుముకుని. ఆవిడ సంచీ వంక చూసి, కాస్త జరుగుతారా అమ్మా అంది. అత్తయ్య సంచీ ఒళ్ళోకి తీసుకుంది.

ఆవిడ మాటకారి. కూర్చున్న రెండు నిమిషాల్లో సగం సంసారం చెప్పేసింది. తనకి రక్తం తక్కువట, రక్తం పట్టడానికి మందు ఎక్కిస్తారట, ఈ మాత్రానికి మావాడు ఉద్యోగం మానుకుని మరీ వచ్చాడు చూడండని మురిసిపోయింది. కొడుకు నర్సు బల్ల దగ్గరికి వెళ్ళి వంగి ఏదో గుసగుసలాడాడు. నర్సు ఆవిడ వంక ఒకసారి చూసి తల ఊపింది. అత్తయ్య అదంతా చూసింది. మేమూ చూశాం. మా ఆయన కిటికీ వైపు తిరిగిపోయారు.

"మీకేంటమ్మా?" అని అడిగింది ఆవిడ.

"కేన్సర్," అంది అత్తయ్య.

ఆ మాట అత్తయ్య నోట వినడం మాకదే మొదటిసారి. గుడ్డ రంగు చెప్పినట్టు చెప్పింది.

ఆవిడ అత్తయ్య మోచేతి మీద చెయ్యి వేసింది. పాపం, పాపం అంది. తర్వాత ఆవిడ చూపు గాజుతలుపు వైపు వెళ్ళింది.

"మిమ్మల్ని తీసుకెళ్ళేది ఆ గదిలోకేనా?"

"ఆ గదిలోకే."

"నన్నూ అక్కడికే అన్నారు." గాజు వెనక వరసగా వేలాడుతున్న మందు సీసాలకేసి చూసింది. "రక్తం తక్కువున్నవాళ్ళకీ అక్కడే ఎక్కిస్తారా అమ్మా?"

తిరిగివచ్చిన కొడుకు తల్లి వెనకే ఆగిపోయాడు. ఆవిడ భుజం మీదుగా అత్తయ్యకి చేతులు జోడించాడు. కళ్ళతోనే, వద్దు, వద్దు అంటున్నాడు.

అత్తయ్య ఆ జోడించిన చేతులకేసి చూసింది. తర్వాత తల తిప్పి నాకేసి చూసింది, రెండు రోజుల్లో మొదటిసారి. ఆ చూపులో క్షమించిన జాడ లేదు. ఇలాగే ఉండేదా నీకు, రోజూ, అని అడుగుతున్నట్టుంది.



లోపల్నుంచి నర్సు అత్తయ్య నంబరు పిలిచింది.

"కాస్త ఆగమ్మా," అంది అత్తయ్య. సంచీ తీసి నేల మీద పెట్టింది. ఆవిడ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అది నేను చెప్పేది కాదమ్మా. మీ అబ్బాయి చెప్పాలి. అడగండి. మీరు అడిగేదాకా, వాడు చెప్పేదాకా నేనెక్కడికీ పోను."

అబ్బాయి చేతులు కిందికి జారిపోయాయి. అత్తయ్య అతని వంక కోపంగా చూడలేదు. మా ఆయన్ని చూడాల్సిన చూపేదో అతని వంక చూసింది.

తర్వాత, నా వైపు తిరక్కుండానే అంది.

"అక్కడ నిలబడి ఏం చేస్తున్నావు? ఈవిడకి ఆ పక్కన కూర్చో."

వెళ్ళి కూర్చున్నాను. అత్తయ్యకీ నాకూ మధ్య ఒక తెలియని మనిషి. ఆవిడ రెండో చెయ్యి నా వైపు ఉంది. పట్టుకున్నాను. నర్సు మళ్ళీ నంబరు పిలిచింది. అత్తయ్య కదల్లేదు.

"ఏరా," అంది ఆవిడ కొడుకుతో. ఇందాకటి మాటకారి గొంతు కాదది. "ఏముందిరా ఆ ఫైల్లో?"